చూపుడువేలూ ఊదారంగు చారా

మా ఇంట్లో ఎవరూ కుర్చీలో నేరుగా కూర్చోరు. ముందు చూపుడువేలితో కుర్చీ చేతి మీద ఒక గీత గీస్తారు, వేలు తిప్పి చూసుకుంటారు, అప్పుడు కూర్చుంటారు. వన్ టౌన్‌లో పోర్టుకు దగ్గరగా ఉన్న ఇళ్లన్నింటిలోనూ ఇదే వరస. ఓడల్లోంచి దించే బొగ్గు, ఓడల్లోకి ఎక్కించే ఇనుప ఖనిజం, రెండింటి పొడీ గాలిలో తేలుతూ వచ్చి మా కిటికీ ఊచల మీద, బోర్లించిన కంచాల మీద, ఆరేసిన బట్టల మీద వాలుతుంది. ఆదివారం చర్చికి కట్టుకునే తెల్ల చీరను మా ఆవిడ ఏనాడూ డాబా మీద ఆరెయ్యలేదు. అది నడవలో ఫ్యాను కింద ఆరవలసిందే. ఇంటికొచ్చినవాళ్లు వేలు గియ్యకుండా కూర్చున్నారంటే బీచ్ రోడ్డు అవతలి కాలనీల వాళ్లనో, ఊరికి కొత్తవాళ్లనో మాకు తెలిసిపోతుంది.

పత్రికలో పనిచేసినన్నాళ్లూ ఈ పొడి గురించి వార్తలు రాశాను, దిద్దాను, శీర్షికలు పెట్టాను. వేలు గియ్యడం గురించి రాయాలని మాత్రం ఎప్పుడూ తోచలేదు.

మా అమ్మాయి ఈ ఊళ్లోనే పరిశోధన చేసింది. పోర్టు వైపు కిటికీలున్న ఒక పాత భవనంలో, పై అంతస్తులో ఉండేది ఆ ప్రయోగశాల. ఎలుక పిండంలో వెన్నుపాము ఎలా తయారవుతుందన్నది తన అంశం. చేరిన కొత్తలో ఒకరోజు వాళ్లమ్మ పెరట్లో కత్తిపీట ముందు కూర్చుని చేపలు తోముతూ అడిగింది.

"ఏటే, ఆ ఎలకల కడుపులో పిల్లల్ని తీసి నువ్వేటి సూత్తావు?"

"వాటి నరాలు ఎలాగ పుడతన్నాయో సూత్తానమ్మా."

"పుట్టాయని తెలుసు గదా. మరింక సూడ్డానికేటుంది?"

అమ్మాయి నవ్వి గడప మీద కూర్చుంది. పిండంలో వెన్నుపాము మొదట్లో సన్నటి గొట్టంలా ఉంటుందట. అందులో కణాలన్నీ ఒక్కలాగే ఉంటాయి, అన్నింటి దగ్గరా ఉండేవి అవే జన్యువులు. అయినా ఒకటి కాలు కదిపే నరం అవుతుంది, ఒకటి నొప్పి కబురు మోసే నరం అవుతుంది. ఎవరు ఏమవ్వాలో ఎవరు చెప్పారన్నది ప్రశ్న. గొట్టం అడుగున ఓ సన్నని కణాల వరస ఉంటుంది. అది ఒక ప్రోటీన్‌ను కొద్దికొద్దిగా వదులుతుంది. దగ్గరున్నవాటికి ఎక్కువ అందుతుంది, దూరమైనకొద్దీ తగ్గుతుంది. అందిన మోతాదును బట్టి ఒక్కో కణం ఒక్కో జన్యువును పనిలో పెడుతుంది. ఇదంతా చెప్పి వాళ్లమ్మ ముఖం చూసింది. అక్కడ ఏమీ పలికినట్టు లేదు.

"మనింటి కాడ కుర్సీ మీద యేలు గీత్తే ఎలాగుంటాది?" అంది అమ్మాయి.

"ఎలాగుంటాదేటి. కాటికలాగుంటాది."

"జగదాంబ కాడ?"

"కూసింత బూడిద."

"మద్దిలపాలెం కాడ?"

"అక్కడేటి అంటుతాది, నా మొహం."

"మరింకేటి. నీకు కళ్లకి గంతలు కట్టి ఆటోలో తీసికెల్లి, ఎక్కడో ఓ ఇంట్లో దింపీసి, గంతలిప్పి నీ యేలు నీకు సూపిత్తే, పోర్టుకి ఎంత దూరంలో ఉన్నావో సెప్పీగలవు. కణం సేసే పనీ అదే. నా మీద ఎంత పడింది అని సూసుకుంటాది. ఓహో, నానిక్కడున్నాను అనుకుంటాది. ఇక్కడున్నోళ్లు ఏటి సెయ్యాలో అది మొదలెడతాది."

మా ఆవిడ చేప తోక కోసి పక్కన పడేసింది. "అయితే ఆ పోర్టు లేపోతే మనమెవలమో మనకి తెలీదన్నమాట," అంది.

"అదేనమ్మా నాను రాయబోయేది," అంది అమ్మాయి.

నాకు అర్థమైనంత వరకు మిగతా కథ ఇది. జన్యువు అన్ని కణాల్లోనూ ఉంటుంది కనుక, ఉందా లేదా అని వెతకడం దండగ. పని చేస్తోందా లేదా అన్నదే తెలియాలి. పనిలో ఉన్న జన్యువు తన నకళ్లను బయటికి పంపుతుంది. మా పాత ఆఫీసులో లైబ్రరీ ఫైలు బీరువాలోనే ఉండి, దాని జిరాక్సులు మాత్రం డెస్కుల మీద తిరిగినట్టు. పిండాన్ని పల్చటి పొరలుగా కోసి గాజు స్లైడుల మీద అతికించి, ఆ నకళ్లున్న చోట ఊదారంగు పడేలా చేస్తారు. రంగు పడిందంటే అక్కడ ఆ జన్యువు పనిలో ఉన్నట్టు.

పని నేర్చుకోవడానికి మా అమ్మాయిని కొన్ని నెలలు హైదరాబాదులో మరో ప్రయోగశాలకు పంపారు. అక్కడుండగా ఒక మధ్యాహ్నం ఫోను చేసింది. "నాన్నా, సార పడింది," అంది. తాను వెతుకుతున్న జన్యువు గొట్టానికి రెండు పక్కలా, ఎవరూ అనుకోని చోట, సన్నటి చారలా కనిపించింది. కింది నుంచి వచ్చే సంకేతాన్ని మందు వేసి అడ్డుకుంటే ఆ చార మాయమైంది. అంటే సంకేతం అందితేనే ఆ జన్యువు మేలుకుంటోంది. అంత చిన్న సంగతి ప్రపంచంలో ఇంకెవరికీ తెలియదు, తనకొక్కదానికే తెలుసు. ఆ రోజు దాని గొంతులో ఉన్నది సంతోషమో భయమో నేను తేల్చుకోలేకపోయాను.

తిరిగొచ్చాక ఇక్కడ అదే పని చేసింది. చార పడలేదు. మళ్లీ చేసింది. పడలేదు. రసాయనాలు మార్చింది, నీళ్లు మార్చింది, ఆఖరికి హైదరాబాదు నుంచి సీసాలు తెప్పించుకుని అవే వాడింది. అందరికీ తెలిసిన మరో జన్యువుకు పాలిపోయిన రంగైనా పడేది. తన జన్యువు దగ్గర మాత్రం గాజు గాజులాగే ఉండిపోయేది. ఏడాది తిరిగేసరికి అన్నం కలుపుతూ మధ్యలో ఆగిపోయి గోడకేసి చూడడం మొదలుపెట్టింది.

వాళ్ల గైడు గోదావరి ప్రాంతం నుంచి ఎప్పుడో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడిన ఆవిడ. మెత్తగా మాట్లాడతారు, మాట మాత్రం మారదు. ఒకసారి నేను అమ్మాయి కోసం వెళితే నన్ను కూర్చోబెట్టి టీ ఇప్పించారు.

"మీ అమ్మాయి అబద్ధం చెప్పే పిల్ల కాదండి. ఆ సంగతి నాకు తెలుసు," అన్నారు. "కానీ ఒకచోట కనబడి ఇంకోచోట కనబడనిదాన్ని మనం నిజం అనలేం కదండీ. తెలిసిన జన్యువుకి రంగు పడుతోంది, దీనికి పడట్లేదు. అక్కడ పడిందే పొరపాటేమో అని ఎవరైనా అంటారు. నేనే అంటాను."

"మా డెస్కులోనూ అంతేనండి. ఒక్కడు చెప్పిన వార్త వేసేవాళ్లం కాదు," అన్నాను.

"అదిగో, మీకు తెలుసు," అన్నారావిడ. తర్వాత అసలు మాట చెప్పారు. ఫ్రీజర్‌లో ఉన్న పొరలు ఇంకొక్కసారి చెయ్యడానికి సరిపోతాయి. ఇన్నిసార్లు పోయిన పని కోసం మళ్లీ ఎలుకలను చంపనివ్వరు. ఈసారీ పడకపోతే థీసిస్‌లోంచి ఆ భాగం మొత్తం తీసెయ్యాలి. ఆ భాగం పోతే మిగిలేది అందరికీ తెలిసిన సంగతులే.

ఆ ఆఖరిసారికి ముందు, పాడైపోయాయనుకున్న పాత స్లైడులన్నింటినీ ఈ పనితో సంబంధం లేనివాళ్ల చేత ఓసారి చూపించాలన్నారు మేడమ్. చేసినవాళ్లే చూస్తే తమకు కావలసింది కనిపిస్తుంది, లేదా దిగులు మీద కనిపించాల్సింది కూడా కనిపించదు. పత్రికల్లోనూ ఈ ఆచారం ఉంది. ఎవడి కాపీ వాడు దిద్దుకోకూడదు. ఎంత ఘనుడైనా తన తప్పు మీదుగా తానే నడిచిపోతాడు.

"సంబంధం లేనోళ్లంటే మా నాన్నగారు ఉన్నారు మేడమ్. ఆయనకి ఇందులో ముక్క తెలీదు," అందట మా అమ్మాయి.

"తండ్రి అని మొహమాటపడతారేమో," అన్నారట ఆవిడ.

"నాను డిగ్రీలో రాసిన కవితకి ఎర్రసిరాతో నాలుగు తప్పులు సుట్టి ఇచ్చేసిన మనిషి మేడమ్."

ఆ సిఫారసు మీద నేను వెళ్లాను. స్లైడుల మీద పేర్లు కనపడకుండా కాగితం అంటించి, ఒక్కోదానికి ఒక్కో అక్షరం రాశారు. ఏ అక్షరం ఏదో మేడమ్‌కు తప్ప ఎవరికీ తెలియదు. నేను చెయ్యవలసిందల్లా మైక్రోస్కోపులో చూసి చార ఉందనో లేదనో చెప్పడం, నా తర్వాత మరో విద్యార్థిని విడిగా చూడడం. అమ్మాయి పక్క బల్ల దగ్గర ఆఖరి ప్రయోగానికి సాధన చేస్తోంది. చేతులకు గ్లవ్స్, జుట్టుకు టోపీ. ఖాళీ గాజులతో ప్రతి దశా ఒకసారి చేసి చూసుకుంటోంది.

నేను స్టూలు దగ్గరికి వెళ్లి, వేలు గీసి, చూసుకుని, కూర్చున్నాను. మైక్రోస్కోపు మీద కూడా ఓ గీత గీశాను.

"నాన్నా, ఇది మనిల్లు కాదు," అంది అమ్మాయి అటు నుంచి.

"పోర్టు మాత్రం అదే," అని నేను నా పనిలో పడ్డాను. మొదటిది లేదు. రెండోది లేదు. కళ్లకు విశ్రాంతి కోసం తల ఎత్తాను. అమ్మాయి స్లైడుల ట్రే పట్టుకుని బల్ల దగ్గరికొచ్చింది. ట్రే పెట్టబోయే ముందు, గ్లవ్ తొడిగిన చూపుడువేలు బల్ల అంచు మీద ఒక జానెడు మేర సుతారంగా జారింది. వేలు తిరిగింది. చూసుకుంది. ట్రే పెట్టి, అదే వేలితో స్లైడు పైకి తీసింది.

"నువ్వూ గీశావు," అన్నాను.

"ఏటి?"

"వేలు."

"నాను గీయలేదు. గ్లవ్స్ ఏసుకుని ఎందుకు గీత్తాను?"

మేడమ్ కిటికీ దగ్గర ఏదో చదువుకుంటున్నారు. తల ఎత్తకుండానే, "ఆ ట్రే మళ్లీ తెచ్చి పెట్టమ్మా," అన్నారు. అమ్మాయి బిగుసుకుపోయి, చెయ్యి కర్రలా పెట్టుకుని, ట్రే తెచ్చి పెట్టింది. వేలు కదల్లేదు. "సూశావా," అంది నాతో.

మేడమ్ పుస్తకం మూశారు. కాసేపు మాతో టీ సంగతి ఏదో మాట్లాడారు. తర్వాత, "అమ్మగారికి మోకాళ్ల నెప్పులు తగ్గాయా?" అని అడిగారు. అమ్మాయి ట్రే సర్దుకుంటూనే, "తగ్గలేదు మేడమ్, మెట్లెక్కొద్దంటే ఇనదు, పైగా ఆ నీల్ల బిందె..." అంటూ ట్రే పెట్టబోయింది. వేలు వెళ్లింది. బల్ల అంచు మీద జారింది. తిరిగింది. ఈసారి ముగ్గురం చూశాం. మాటలో ఉన్న అమ్మాయి తన వేలు తానే చూసుకుని, "ఓలమ్మ," అని అక్కడే నిలబడిపోయింది.

తర్వాత మేడమ్ నాకు వివరించారు. మనిషి చేతి చర్మం మీద ఒక ఎంజైము ఉంటుంది. జన్యువులు పంపే ఆ నకళ్లను ముక్కలుగా కత్తిరించడం దాని పని. ఒట్టి చేత్తో తాకిన బల్లలన్నింటి మీదా అది ఉంటుంది, తుడిస్తే పోదు, ఎండితే చావదు. గ్లవ్స్ వేసుకునేది అందుకే. కానీ గ్లవ్ తొడిగిన వేలే బల్ల మీద గీత గీసి, ఆ పైన స్లైడును తాకితే గ్లవ్ ఉండీ లేనట్టే. తెలిసిన జన్యువు నకళ్లు బోలెడు కనుక కొన్ని పోయినా పాలిపోయిన రంగైనా పడుతోంది. మా అమ్మాయి జన్యువు నకళ్లు కొద్ది. అవి మొత్తం తుడిచిపెట్టుకుపోతున్నాయి.

"మరి హైదరాబాదులో?" అన్నాను.

దానికి జవాబు అమ్మాయి దగ్గరే ఉంది. "అక్కడ యేలికి ఏటీ అంటీది కాదు నాన్నా. ఓ వారం గీసుంటాను. హాస్టల్లో పిల్లలు ఎక్కిరించీవోరు కూడా. తర్వాత యేలే మానీసింది." ఇక్కడ రైలు దిగి, ఆటోలో ఇంటికొచ్చి, కుర్చీ మీద నల్లటి గీత చూసిన క్షణం నుంచి వేలు మళ్లీ తన ఉద్యోగంలో చేరింది.

"ఇదంతా ఊహేనండి," అన్నారు మేడమ్. "కారణం దొరికిందనుకోవడం వేరు, రంగు పడ్డం వేరు." కానీ ఆవిడ కుర్చీలోంచి లేచిన తీరులో ఆ మాటకు సరిపోని హుషారు ఉంది.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ ముందు నమ్మలేదు. నమ్మాక ఆవిడకు కోపం వచ్చింది. "ఏడాది నించి గుంట బెంగెట్టుకుంటే, యేలా సేసింది?" అని మా అమ్మాయి చెయ్యి పట్టుకుని ఆ వేలినే చూసి తిట్టింది. తర్వాత ఆ వేలిని ఆపే ఉపాయం నేర్పిందీ ఆవిడే. చర్చిలో కూర్చునే ముందు బల్ల మీద వేలు గియ్యడం చూసి పాస్టరమ్మ నవ్విందని, కొన్నాళ్లు చూపుడువేలూ మధ్యవేలూ కలిపి గుడ్డపేలిక కట్టుకుని వెళ్లిందట. "ఒంటి యేలైతే దాని దారిన అది ఎలిపోద్ది. జంట కడితే రెండోది ఎనక్కి లాగుతాది. అప్పుడు నీకు గేపకమొత్తాది."

మర్నాడు పొద్దుటి నుంచి మా అమ్మాయి రెండు చేతులకూ ఆ రెండేసి వేళ్లను ప్లాస్టరుతో జంట కట్టుకుని తిరిగింది. అలాగే అన్నం కలుపుకుంది, అలాగే జడ వేసుకుంది, అలాగే స్కూటీ నడపబోతే నేను వద్దని ఆటో ఎక్కించాను. ప్రయోగశాలలో పిల్లలు బల్ల మొత్తం ప్రత్యేకమైన ద్రావకంతో తుడిచి, మీద కొత్త రేకు పరిచారు. దాని చుట్టూ ఎర్ర టేపు అంటించి, లోపలికి ఏ చెయ్యీ రాకూడదన్నారు. జంట వేళ్లకు పెద్ద సైజు గ్లవ్స్ తొడిగారు. ఫ్రీజర్‌లోంచి ఆఖరి పొరలు బయటికి వచ్చాయి.

రంగు పడే రోజున మధ్యాహ్నం నన్ను రమ్మన్నారు. స్లైడులు చీకట్లో, రేకు కింద ఉన్నాయి. మూత తీసి చూడకూడదు. చూస్తే రంగు పాడవుతుంది. మా అమ్మాయి కిటికీ దగ్గర నిలబడి బయట సముద్రంలో లంగరేసి ఆగిన ఓడలను చూస్తోంది. వేళ్లు ఇంకా జంటగానే ఉన్నాయి.

"భయంగా ఉందా?" అన్నాను.

"లేదు నాన్నా. పడకపోతే లేదని తెలుస్తాది. ఇన్నాల్లూ ఆ మాటా తెలీలేదు గదా," అంది. ఇలా మాట్లాడడం ఎప్పుడు నేర్చుకుందో నాకు తెలియదు.

మేడమ్ సమయం చూసి స్లైడులు బయటికి తీయించారు. కడిగారు, అక్షరాలు అంటించారు. అమ్మాయిని గది బయటికి పంపి నన్ను పిలిచారు. నేను స్టూలు దగ్గరికి వెళ్లాను. వేలు లేవబోయింది. రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని కూర్చున్నాను.

మొదటి స్లైడు. గొట్టం అడ్డకోత తెల్లగా, కోలగా ఉంది. చార లేదు. "లేదు" అన్నాను. నా గొంతు మామూలుగానే ఉందని అనుకుంటున్నాను. రెండోది పెట్టారు. మర తిప్పాను. మసక తేలిపోయింది. గొట్టానికి రెండు పక్కలా, ఒకే ఎత్తులో, ఎవరో కొత్త పెన్నుతో దిద్దిన కనుబొమల్లా రెండు ఊదారంగు చారలున్నాయి. ఇంత స్పష్టంగా ఉన్నదాన్ని నేను డెస్కులో ఎప్పుడూ చూడలేదు. ఎర్రసిరా పెన్ను మూత పెట్టేసుకోవలసిన కాపీ అది.

"ఉందండి," అన్నాను.

మేడమ్ తర్వాతిది పెట్టారు. ఉంది. ఆ తర్వాతిది లేదు. అలా అన్నీ అయ్యాయి. రెండో విద్యార్థిని వచ్చి తన వంతు చూసింది. ఇద్దరం చెప్పినవీ ఒక్కటే. అప్పుడు మేడమ్ అక్షరాలు రాసిన కాగితాలు ఒక్కొక్కటీ ఒలిచారు. మేము ఉందన్న ప్రతి స్లైడూ సంకేతం అందినది. లేదన్న ప్రతిదీ సంకేతాన్ని అడ్డుకున్నది. ఒక్కటీ తారుమారు కాలేదు.

ఆవిడ తలుపు తీసి అమ్మాయిని లోపలికి పిలిచి, మైక్రోస్కోపు చూపించారు. అది వంగి చాలాసేపు చూసింది. తల ఎత్తినప్పుడు కళ్లజోడు తడిసి ఉంది.

"ఏం చేద్దామండి?" అన్నారు మేడమ్ నాతో, కొంచెం కొంటెగా. "మీ డెస్కు రూలు ప్రకారం?"

"రెండుచోట్ల నిలబడింది కదండీ."

"అయితే అచ్చుకి పంపిద్దాం," అన్నారు. ఆవిడ నవ్వగా చూడడం నాకు అదే మొదలు. పిల్లలు మెట్ల మీద పరిగెత్తుకుంటూ వెళ్లి జిలేబీ తెచ్చారు. ప్రయోగశాలలో తినకూడదని అందరం వరండాలోకి వెళ్లి, పోర్టు క్రేన్లను చూస్తూ తిన్నాం. మా అమ్మాయి జంట వేళ్లతో జిలేబీ పట్టుకోలేక రెండుసార్లు జారవిడిచింది. ప్లాస్టరు విప్పమని ఎవరో అంటే, "ఇంటి కాడ ఇప్పుతాను," అంది.

ఇంటికొచ్చేసరికి వాళ్లమ్మ గుమ్మంలోనే ఉంది. కబురు ముందే ఫోనులో చేరింది కనుక ఏమీ అడగలేదు. అమ్మాయి నడవలోకి వచ్చి, పళ్లతో ప్లాస్టరు లాగి రెండు చేతులూ విప్పేసుకుంది. వేళ్లు నాని తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. కుర్చీ దగ్గరికి వెళ్లింది. చూపుడువేలు కుర్చీ చేతి మీద పెట్టి, ఇన్నాళ్ల బాకీ తీర్చుకున్నట్టు, ఈ చివర నుంచి ఆ చివరిదాకా నెమ్మదిగా, తనివితీరా గీసింది. వేలు ఎత్తి వాళ్లమ్మకు చూపించింది. తెల్లగా నానిన వేలి కొన మీద నలుపు కాటికలా ఉంది.

"నానిక్కడున్నాను," అంది.

"ఉంటే ఉన్నావు గానీ, ఆ యేలు సబ్బెట్టి కడుక్కునిరా," అంది వాళ్లమ్మ. "పులుసు సల్లారిపోతంది."